యంత్రమును ఊపిరియు: ఒక గీతసంపుటిని సాంతముగ వినుటనుగూర్చి

గ్రంథమును చదువువాడు మొదటి పుటనుండి తుది పుటవఱకు చదువును. నడుమ నాలుగు పంక్తులు చూచి, గ్రంథమును మూసి, దానిని చదివితినని చెప్పుకొనువానిని చూచి మనము నవ్వుదుము. కాని పాటల విషయమున ఆ నియమమును నేడు పాటించువారు అరుదు. చేతిలోని సెల్‌ఫోనునందు ఒక పల్లవి అరనిమిషము వినబడును. వ్రేలు కదలగనే అది పోయి వేఱొకటి వచ్చును. ఈ రీతిగ దినమునకు నూఱు పాటలు చెవిని తాకి పోవుచున్నవేగాని, ఒక్కటియు చెవిలో నిలుచుట లేదు. కావున మన విద్యార్థులకు ఒక గీతసంపుటిని పేర్కొని, దానిని మొదటినుండి తుదివఱకు ఒక్క కూర్చుండుటలో వినుడని చెప్పుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశ్యము. ఆ సంపుటి 1992వ సంవత్సరమున వెలువడిన "రోజా" చలనచిత్రముయొక్క పాటలు. సంగీతమును కూర్చినవారు ఏ.ఆర్. రహమాన్‌గారు. తెలుగున ఆ పాటలను వ్రాసినవారు రాజశ్రీగారు.

పాఠశాల వార్షిక సంచికలో చలనచిత్ర గీతములను గూర్చి వ్రాయుట తగునా యని కొందఱు తల్లిదండ్రులకు సంశయము కలుగవచ్చును. దానికి నా సమాధానమిది. మన పిల్లలు వినుచున్నది ఆ సంగీతమునే. వారు వినుచున్నదానిని గూర్చి మనము మాటాడకున్నచో, ఎట్లు వినవలయునో వారికి నేర్పువారెవ్వరును ఉండరు. వినవలదని శాసించుటకంటె వినుట నేర్పుట ఉపాధ్యాయుని పని. అదియుగాక, నన్నీ వ్యాసమునకు పురికొల్పిన ప్రశ్న మన గాయకబృందములోని ఒక బాలిక వేసినది. ఆమె తొమ్మిదవ తరగతి విద్యార్థిని. ఒకనాటి సాయంకాలము సాధన ముగిసిన పిదప ఆమె, "సార్, మాటలు వ్రాసి యిచ్చినచో కంప్యూటరే రాగము కట్టి, తానే గొంతు కల్పించి పాడుచున్నది గదా, ఇక మేము దినదినము స్వరసాధన చేయుట యెందులకు?" అని అడిగెను. ఆ ప్రశ్నలో పరిహాసము లేదు. ఆ బాలిక నిజముగనే తెలిసికొనగోరి అడిగినది. బొగ్గు గనుల ఊరిలో పుట్టిన పిల్ల అట్టి ప్రశ్న వేయుటలో ఆశ్చర్యమేమియు లేదు. యంత్రము వచ్చినచోట మనుష్యుని చేయి ఏమగునో మన యిండ్లలో తెలియనివారు లేరు.

ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పుటకు ముందు, పాటలోనికి యంత్రము వచ్చిన వృత్తాంతమును కొంత తెలిసికొనవలయును. మన భౌతికశాస్త్ర తరగతిలో ధ్వని యనగా కంపనమని చదువుకొనియున్నారు. తీగ కంపించినచో వీణ. గాలి కంపించినచో పిల్లనగ్రోవి. చర్మము కంపించినచో మృదంగము. విద్యుత్ప్రవాహమునే సెకనుకు ఇన్ని మారులని ఊగించి, ఆ ఊపును లౌడుస్పీకరు ద్వారా గాలికి అందించినచో అదియు ఒక స్వరమే యగును. ఆ స్వరమునందలి కొన్ని పాళ్లను వడపోసి, కొన్నిటిని హెచ్చించి, తగ్గించి, కావలసిన రంగును తెచ్చు సాధనమునకు సింథసైజరు అని పేరు. అమెరికా దేశస్థుడగు రాబర్ట్ మూగ్ 1964లో అట్టి యంత్రమును లోకమునకు చూపెను. 1968లో వెండీ కార్లోస్ అను సంగీతజ్ఞురాలు ఆ యంత్రముపైననే జర్మను దేశపు మహావాగ్గేయకారుడు బాఖ్ రచనలను వాయించి ఒక సంపుటిని ప్రకటించగా, అది విరివిగ అమ్ముడుపోయెను. 1983లో వేఱ్వేఱు కంపెనీల వాద్యయంత్రములు ఒకదానితో నొకటి మాటాడుకొనుటకు మిడి యను ఉమ్మడి భాష ఏర్పడెను. అప్పటినుండి సీక్వెన్సరు అను సాధనము ప్రబలెను. అది ధ్వనిని దాచుకొనదు. ఏ స్వరము, ఎప్పుడు, ఎంత బలముతో, ఎంతసేపు పలుకవలయునో ఆ ఆజ్ఞలను మాత్రము దాచుకొని, అడిగినపుడెల్ల తప్పక నెరవేర్చును. అలసట యెఱుగదు, తాళము తప్పదు.

ఈ క్రొత్త సంగీతము ఏ ప్రాంతములలో పెరిగినదో గమనించినచో మన బెల్లంపల్లివారికి ఒక విశేషము కనబడును. జర్మనీలో యంత్రగానమునకు ఆద్యులనదగిన క్రాఫ్ట్‌వెర్క్ బృందము డ్యూసెల్‌డార్ఫ్ నగరమునకు చెందినది. రూర్ బొగ్గుగనుల, ఉక్కు కర్మాగారముల సీమ ఆ నగరమునకు ప్రక్కనే యున్నది. వారు 1978లో వెలువరించిన సంపుటి పేరునకు "మనుష్యయంత్రము" అని అర్థము. ఇంగ్లాండులో హ్యూమన్ లీగ్ బృందము ఉక్కునకు పేరుపొందిన షెఫీల్డు పట్టణములో పుట్టినది. ఆ పట్టణము చుట్టును బొగ్గుగనులుండెడివి. 1981లో వారు వెలువరించిన "డేర్" అను సంపుటియందు గిటారు లేదు. డోలు కొట్టిన చేయియు లేదు. తాళమునంతయు యంత్రమే వేసినది. కాని ఆ యంత్రముల నడుమ నిలిచి పాడిన యిద్దఱు బాలికలు ఆ బృందమున చేరునాటికి ఇంకను పాఠశాలలో చదువుచుండినవారు. వారి గొంతులు శిక్షణ పొందినవి కావు. అయినను ఆ సంపుటిని నేటికిని జనులు వినుచుండుటకు ఆ శిక్షణలేని గొంతులును ఒక కారణమని నాకు తోచుచున్నది. నిక్కచ్చిగ నడచు యంత్రమునకు ప్రక్కన కొంచెము వణకు గొంతు వినబడినపుడు, అది మనుష్యుని గొంతని చెవి వెంటనే గుర్తించును.

యంత్రము మన పాటలోనికి వచ్చుట ఇది మొదటిసారియును కాదు. నేడు మన ప్రార్థనలలోను, భజనలలోను, పద్యనాటకములలోను మనదే యనుకొనుచున్న హార్మోనియము పందొమ్మిదవ శతాబ్దమున యూరపునుండి వచ్చిన పెట్టె. దాని మెట్లు స్థిరములు. ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు జారుట దానికి చేతకాదు. కావున గమకము పలుకదు. ఈ లోపమును చూపియే ఆకాశవాణివారు 1940లో దానిని నిషేధించిరి. 1971వఱకు ఆ నిషేధము సడలలేదు. కాని మన నాటక సమాజములవారు దానిని విడువలేదు. పద్యము పాడు నటుడు గొంతుతో గమకమును పలుకగా, హార్మోనియము శ్రుతిని నిలుపుచు అతనిని వెన్నంటి నడచినది. పెట్టె చేయలేనిదానిని గొంతు చేసెను. గొంతు అలసినచోట పెట్టె నిలబెట్టెను. ఈ పొత్తును జ్ఞాపకముంచుకొనుడు. "రోజా" పాటలయందు మఱల మనకు కనబడునది ఇదియే.

మన దేశమున సింథసైజరును మొదట చేపట్టినవారిలో బొంబాయి చలనచిత్ర వాద్యకారుడగు చరణ్‌జీత్ సింగ్‌గారొకరు. ఆయన 1980 దశకపు ఆరంభమున పది హిందూస్థానీ రాగములను యంత్రతాళముపై వాయించి ఒక సంపుటిని వెలువరించెను. ఆనాడు దానిని ఆదరించినవారు స్వల్పము. 2010లో మఱల ముద్రితమైన పిదప లోకమంతయు ఆశ్చర్యపడెను. దక్షిణమున ఇళయరాజాగారు 1986లో తమిళమున "పున్నగై మన్నన్" చిత్రమునకు కంప్యూటరు సహాయముతో సంగీతమును కూర్చిరి. అది తెలుగున "డాన్స్ మాస్టర్" అను పేరుతో వచ్చినది. తెలుగు పాటలయందు రాజ్-కోటి అను జంట ఆ దశాబ్దపు తుదినుండి కీబోర్డు ధ్వనులను విరివిగ వాడుకలోనికి తెచ్చిరి. ఈ పెద్దలందఱి చెంతను కీబోర్డు వాయించుచు పని నేర్చుకొనిన యువకుడొకడు మద్రాసులో నుండెను. ఇళయరాజాగారి బృందమున, రమేశ్ నాయుడుగారి పాటలకు, రాజ్-కోటిగారల పాటలకు అతడు వాయించెను. అతడే దిలీప్ కుమార్, పిదప ఏ.ఆర్. రహమాన్ అయినవాడు.

ఆయన బాల్యమును విద్యార్థులు తెలిసికొనదగును. 1967 జనవరి 6వ తేదీన జన్మించెను. తండ్రి ఆర్.కె. శేఖర్‌గారు మలయాళ చిత్రములకు పనిచేసిన సంగీతజ్ఞులు. ఆయన 1976లో మరణించునాటికి కుమారునకు తొమ్మిదేండ్లు. ఇంటిలో మిగిలినది తండ్రి కొనిన వాద్యములు. వాటిని అద్దెకిచ్చి తల్లి సంసారమును నడిపెను. పిల్లవాడు చిన్నతనముననే వాద్యబృందములలో కూలికి వాయించుచు కుటుంబమును మోసెను. పాఠశాల చదువు సాగలేదు. అనగా ఆ యింటికి యంత్రము విలాసవస్తువు కాదు. అన్నము పెట్టిన పనిముట్టు. ఆయన 1989లో తన యింటి పెరటియందే చిన్న రికార్డింగు గదిని కట్టుకొని, వ్యాపార ప్రకటనలకు చిఱుగీతములు కూర్చుచుండగా, దర్శకులు మణిరత్నముగారు పిలిచి "రోజా"ను అప్పగించిరి. అంతకుముందు మద్రాసు పద్ధతి యేమనగా, ఒక పెద్ద హాలులో పదులకొలది వాద్యకారులును గాయకులును కూడి, ఒకేసారి పాడి వాయించి పాటను పూర్తిచేయుట. రహమాన్‌గారు చిన్న గదిలో, ఒక్కొక్క పొరగా, యంత్రమున మొదట తాళమును పఱచి, దానిపై నాదములను పేర్చి, గాయకులను వేఱ్వేఱుగ పిలిచి పాడించి పాటను కట్టెను. ఆ తొలి చిత్రమునకే ఆయనకు ఉత్తమ సంగీతదర్శకునిగ జాతీయ బహుమతి లభించెను. 2005లో అమెరికాలోని "టైమ్" పత్రిక లోకములోని పది ఉత్తమ చిత్రసంగీతములలో నొకటిగ దానిని ఎన్నుకొనెను.

నేను దానిని మొదట వినినది 1993లో. అప్పుడు ఆఱవ తరగతి చదువుచుంటిని. మా తండ్రిగారు గనిలో ఫిల్లరు. ప్రేలుడు ముగిసిన పిదప రాలిన బొగ్గును చెమ్మాసుతో తట్టకెత్తి టబ్బులలో నింపుట ఆయన పని. పండుగ బోనసుతో ఆయన ఒక టేపురికార్డరును కొనెను. దానితోకూడ ఈ పాటల క్యాసెట్టును తెచ్చెను. క్యాసెట్టునందు ఒక సుగుణముండెడిది. నచ్చని పాటను దాటుట కష్టము. ముందుకు త్రిప్పినచో ఎక్కడ ఆగునో తెలియదు. కావున ఒకవైపు ముగియువఱకు వినవలసినదే. రెండవ షిఫ్టుకు సైరను కూయువఱకు మా క్వార్టరులో అది సాగుచుండెడిది. ఆ విధముగ నేను సంపుటిని సంపుటిగ వినుట నేర్చుకొంటిని.

పాటల వరుసను ఒకసారి చూతము. ప్రధానమైనవి అయిదు. ఒకటి పల్లెపడుచు తన చిన్నచిన్న కోరికలను లెక్కించుకొను పాట. దానిని పాడినది మిన్మినిగారు. పాట క్రింద నడచు తాళము మన పల్లెది కాదు. దూరమున జమైకా ద్వీపమునందు పుట్టిన రెగె నడకకు అది దగ్గరిది. కాని వినువానికి ఆ దూరము తెలియదు; కారణమేమనగా, ఆ తాళము మధ్య చాల ఖాళీ విడువబడినది. ఆ ఖాళీలలో గొంతు తిరుగాడును. మఱియొకటి పెండ్లింటి వేడుకపాట. అందు డప్పుల మోతయు, ముసలమ్మల పరిహాసమును వినబడును. మూడవది మంచుకొండలలో క్రొత్త దంపతులు పాడుకొనునది. దీర్ఘముగ సాగు యంత్రనాదములు పొగమంచువలె పఱచుకొనగా, వాటిపై స్త్రీల బృందగానము దూరమునుండి వచ్చినట్లుండును. నాలుగవది విరహగీతము. భర్త కాశ్మీరమున తీవ్రవాదుల చెఱలో నున్నాడు; ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారి గొంతులో ఆ యెడబాటు పలికినది. అయిదవది దేశమును గూర్చిన గీతము, కవాతునడక గలది.

విడివిడిగ వినినచో ఇవి అయిదు మంచి పాటలు, అంతియే. ఒకదాని వెంట నొకటి వినినచో ఒక జీవితము నడచును. కోరికలు లెక్కించుకొనిన పిల్లకు పెండ్లియగును, ఊరు విడుచును, ఎఱుగని చలిదేశమును చూచును, భర్తను పోగొట్టుకొనును, తన యింటి దుఃఖము దేశపు దుఃఖముతో ముడిపడియున్నదని తెలిసికొనును. ధ్వనియు అట్లే మాఱును. మొదట వాద్యము స్వల్పము, ఖాళీ అధికము. వేడుకపాటలో చర్మవాద్యముల సందడి. మంచుపాటలో యంత్రనాదము అంతటను నిండిపోవును. విరహగీతమునకు వచ్చునప్పటికి ఆ నిండుదనము వెనుకకు తగ్గి, గొంతు ఒంటరిగ ముందునకు వచ్చును. మంచుపాటలోని నిండుదనమును వినని చెవికి విరహగీతములోని ఒంటరితనము సగమే తెలియును. కావుననే సాంతముగ వినుడని చెప్పుచున్నాను. అరనిమిషపు ముక్కలో వెలుగుండవచ్చును. వెలుగు ప్రక్కన నీడ యుండదు.

ఇక మా మేనమామగారి మాటను చెప్పవలెను. ఆయన పెండ్లి బ్యాండులో క్లారినెట్టు వాయించువారు. మంచిర్యాలనుండి సిర్పూరువఱకు ఆయన వాయించని ఊరు లేదు. ఆ క్యాసెట్టును మా యింట వినుచు, ఒకచోట తీగవలె సాగిన ఒక స్వరమును పట్టుకొని ఆయన నాతో ననిన మాటలను ఆయన నుడికారములోనే వ్రాయుచున్నాను: "బిడ్డా, ఇది మనిషి ఊదింది కాదు. ఇండ్ల ఊపిరి తీసుకునే జాగ లేదు." తరువాత గాయకుడు పాడుచుండగా వ్రేలెత్తి, "ఇగో, ఇక్కడ తీసిండు సూడు" అనెను. మఱల విని చూచితిని. పంక్తికిని పంక్తికిని నడుమ, సన్నగ, గాయకుడు గాలి పీల్చిన చప్పుడు వినబడినది. అంతవఱకు నేను పాటను వినుచుంటినేగాని, పాడువాని ఊపిరిని వినియుండలేదు. బోధనకళాశాలలో పిమ్మట శ్రవణశిక్షణమును గూర్చి ఎన్నియో పాఠములు చదివితిని. ఆ ఒక్క మాట నేర్పినంత ఏ పాఠమును నాకు నేర్పలేదు.

కాని ఆ సంగతి అంతటితో ముగియలేదు. ముగిసినదని వ్రాసినచో సత్యమును దాచినవాడనగుదును. ఆ తరువాతి నాలుగైదేండ్లలో పెండ్లిండ్లకు పదునైదుమంది బ్యాండుకు బదులు, ఒక కీబోర్డును ఇద్దఱు గాయకులును గల ఆర్కెస్ట్రాను పిలుచుట వాడుకయైనది. ఒక్క పెట్టెలో క్లారినెట్టును, ట్రంపెట్టును, డోళ్లును ఉన్నవి. మా మేనమామగారి క్లారినెట్టు పెట్టెలోనికి పోయినది. ఆయన కిరాణా దుకాణములో లెక్కలు వ్రాయుటకు కుదిరెను. అదే కాలమున గనులలో బొగ్గునెత్తు యంత్రములు పెరిగినవి. మా తండ్రిగారి చెమ్మాసు అవసరము తగ్గి, ఆయనను వేఱు పనికి మార్చిరి. 1889లో ఇల్లెందులో త్రవ్వకములు ఆరంభించిన సింగరేణియందు 1990 ప్రాంతమున లక్షకు మించిన కార్మికులుండిరి. నేడు అందులో సగమైనను లేరు. బ్రిటను దేశమున 1984-85లో బొగ్గుకార్మికులు సంవత్సరముపాటు సమ్మెచేసి ఓడిన పిదప, ఉక్కు పట్టణమగు షెఫీల్డు చుట్టునున్న గనులును ఒక్కొక్కటిగ మూతపడినవి. యంత్రగానము పుట్టిన సీమలలోనే చేతిపని తగ్గినది. ఒక చేతితో యంత్రము క్రొత్త పాటనిచ్చెను. రెండవ చేతితో అన్నమును తీసికొనెను. రెండును నిజమే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట పిల్లలకు తగిన బోధ కాదు.

అయినను ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలయును. బొగ్గునెత్తు పనిలో తట్టయందలి బొగ్గునకును యంత్రమెత్తిన బొగ్గునకును భేదము లేదు. మనుష్యుని నడుము వంగకుండుట మేలే. మా తండ్రిగారే ఆ మాట పలుమారు చెప్పిరి. ఆయన దగ్గు విన్న మేము దానిని కాదనలేము. అన్యాయము యంత్రము వచ్చుటలో లేదు. దానివలన కలిగిన లాభములో చేయి కోల్పోయినవానికి పాలు ఎంత యను ప్రశ్నలో నున్నది. పాట అట్టిది కాదు. పాటలో బరువును తగ్గించుట ప్రయోజనము కాదు. ఊపిరి ఎక్కడ తీయవలయునో ఎన్నుకొనుటయే పాట. గాయకుడు భావమునుబట్టి ఒకచోట ఊపిరిని బిగబట్టును, ఒకచోట విడుచును, ఒకచోట కొఱత పడగా గొంతు సన్నగిల్లును. ఆ కొఱతయే మనలను కరగించును. యంత్రమునకు ఊపిరి కొఱత లేదు; కావున ఎన్నుకొనవలసిన అగత్యమును లేదు. నేటి కంప్యూటరు ఊపిరి చప్పుడును సైతము అనుకరింపగలదు. కాని ఊపిరి అవసరము లేనివాడు తీసిన ఊపిరికిని, అవసరమై తీసిన ఊపిరికిని భేదము కలదు. ఒకటి అలంకారము, రెండవది ప్రాణము.

"రోజా" సంపుటిని నేను మెచ్చుటకు మూలకారణమిదియే. రహమాన్‌గారి చేతిలో అన్ని ధ్వనులను పలికింపగల యంత్రముండెను. తొలి అవకాశము గనుక, తన నేర్పునంతయు ఒక్కసారిగ చూపవలయునను ఆశ ఎవరికైనను కలుగును. ఆయన చాలచోట్ల యంత్రమును ఆపెను. తాళము మధ్య చోటు విడిచెను. ఆ చోటులో గాయనీగాయకులు ఊపిరి తీసికొనిరి. యంత్రము ఏమి చేయగలదో తెలిసినవారు పలువురుందురు. ఎక్కడ చేయకూడదో తెలిసికొనుటకు చెవి కావలయును. ఆ చెవి యంత్రముతో రాదు. తండ్రి వాద్యముల నడుమ పెరిగి, ఇతరుల పాటలకు ఏండ్లకొలది వాయించి, వాయించి, సాధనచే సంపాదించినది.

కావున తొమ్మిదవ తరగతి బాలికకు నా ఉత్తరమిది: అమ్మా, స్వరసాధన చేయుట యంత్రముతో పోటీపడుటకు కాదు. తప్పులేకుండ పాడుటలో అది నిన్ను గెలుచును, గెలువనిమ్ము. నీవు సాధన చేయుట, వినబడుచున్నది మంచిదో కాదో తెలిసికొను చెవి నీకు కలుగుటకు. రేపు నీవు యంత్రమునే వాడవచ్చును. దానికి ఆజ్ఞలిచ్చు ఉద్యోగమే నీకు దొరకవచ్చును. అప్పుడు అది క్షణములో నూఱు రాగములను నీ ముందుంచును. వాటిలో ఏది నిలుపదగినదో, ఎక్కడ ఆపవలయునో నీవే నిర్ణయింపవలెను. ఆ నిర్ణయము చేయు శక్తి నేడు నీవు కష్టపడి తీయుచున్న సరిగమలలో నున్నది.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. ఈ సెలవులలో ఒక సాయంకాలము పిల్లలతో కూర్చుండుడు. ఫోనును ఒకసారి మ్రోగించి ప్రక్కన బోర్లించుడు. చిన్న స్పీకరైనను చాలును. ఈ పాటలన్నియు సుమారు అరగంటలో ముగియును. అంతసేపు ఎవ్వరును మాటాడక వినుడు. మొదటిసారి కథను వినుడు. రెండవసారి తాళము మధ్యనున్న ఖాళీలను వినుడు. మూడవసారి పాడువారు గాలి పీల్చిన చోట్లను లెక్కింపుడు. తమ్ముడు ఎన్ని లెక్కించెనో, అక్క ఎన్ని లెక్కించెనో పోల్చి చూచుకొనుడు. పిమ్మట మీ యింటిలో ఒకప్పుడు సన్నాయియో, డప్పో, క్లారినెట్టో వాయించినవారున్నచో, వారిని పిలిచి ఈ పాటను గూర్చి వారి అభిప్రాయమడుగుడు. వారు చెప్పునది ఏ పుస్తకములోను దొరకదు. వారి వాద్యము అటకపై నున్నచో దింపి తుడువుడు. మన గాయకబృందమునకు అట్టివారు వారమునకొక గంట వచ్చి నేర్పుదురేని, సంగీతపు గది తలుపులు వారికొఱకు తెఱచియే యుండును.